విప్పిన పిమ్మట

పాలపొడి డబ్బా మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. చెంచయ్య మాస్టారు డబ్బాను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, చెంచా కాడతో అంచు పొడుగునా ఎత్తి చూశారు. కదల్లేదు. చెవి దగ్గర పెట్టుకుని ఆడించారు. లోపల ఏదో చిన్నది ఒక పక్కనుంచి మరో పక్కకు దొర్లింది. ఉద్యోగంలో ఉన్న ఆఖరి ఏడాది అందులో ఏం పెట్టారో ఆయనకు గుర్తులేదు.

వసారాలో పరిచిన పాత దుప్పటి మీద గాజు పట్టకం, రెండు దండయస్కాంతాలు, పిడి విరిగిన భూతద్దం వరసగా ఉన్నాయి. హైస్కూలుకు ఇచ్చేద్దామని పొద్దున అటక మీదనుంచి దింపినవి. పట్టకం మీద దుమ్ము తుడిచినప్పుడు గోడ మీద ఏడు రంగులు పడి, ఆయన చెయ్యి కదిలినకొద్దీ అటూ ఇటూ పాకాయి. వాకిట్లో పట్టా మీద, ఏడాది కారానికని వెంకటేశ్వరమ్మ కొన్న మిరపకాయలు ఎండుతున్నాయి. మార్చి ఎండ ఇంకా వసారా అంచు దాటలేదు.

గేటు గొళ్ళెం చప్పుడైంది. జాన్‌బీ వచ్చింది. చంకలో ప్లాస్టిక్ సంచీ, సంచీలో కాగితాలు. ఎనిమిదేళ్ళుగా ఆమె ఈ గేటు తీయలేదని మాస్టారికి వెంటనే తట్టింది. ఊళ్ళో ఎదురుపడితే తల వంచి పక్కకు తప్పుకునేది. ఆయనా తప్పుకునేవారు.

"బాగున్నారా మాస్టారూ?"

"రా జాన్‌బీ. కూర్చో." కుర్చీ చూపించారు.

ఆమె కుర్చీ వంక చూడనైనా చూడకుండా పట్టా పక్కన గొంతుక్కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది. రెండు నిమిషాలు గడవకముందే ఆమె కుడిచెయ్యి తనంతట తాను కాయల్లోకి వెళ్ళింది. తెల్లబారిన తాలుకాయలు ఒక్కొక్కటే వేళ్ళకు తగిలి బయటికి వస్తున్నాయి. చూపు మాస్టారి మీద ఉంది, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది.

వెంకటేశ్వరమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చి చూసి నవ్వింది. "ఏమే, ఇక్కడక్కూడా కూలికొచ్చావా?"

"చేతులూరుకోవక్కా. అయినా ఎవరు పోశారే నీకీ కాయలు? నిలువునా ముంచారు. నన్నడిగితే నేనేరి పంపేదాన్ని గదా."

"ఈయన కొనుక్కొచ్చారు. సైన్సు మాస్టారు గదా, కాయ పట్టుకుని ఎండకేసి చూసి మరీ తెచ్చారు."

జాన్‌బీ నవ్వబోయి ఆగింది. ఆమె కళ్ళు దుప్పటి మీది డబ్బా దగ్గర నిలిచాయి. "ఇది ఆ డబ్బా గాదూ? మా బాజీ చెప్పే డబ్బా?"

మాస్టారు తల ఊపారు. ఏటా ఎనిమిదో తరగతి మొదటి పాఠం ఆ డబ్బాతోనే మొదలయ్యేది. అందులో ఏదో ఒకటి పెట్టి, మూత బిగించి, బల్లబల్లకూ తిప్పేవారు. ఊపి చూడొచ్చు, బరువు చూడొచ్చు, వాసన చూడొచ్చు, మూత మాత్రం తీయకూడదు. ఏముందో చెప్పాలి. గోళీ అనేవాళ్ళు, మేకు అనేవాళ్ళు, ఒకడు ఏకంగా దెయ్యమన్నాడు.

"ఇంటికొచ్చి నా మరచెంబుకి మూతపెట్టి ఏముందో చెప్పమనేవాడు," అంది జాన్‌బీ. "నీళ్ళురా అంటే ఓడిపోయావమ్మా అనేవాడు. నేను పోసిన నీళ్ళు నాకు తెలవదంట!" చేతిలోని తాలుకాయను పక్కకు విసిరి, గొంతు మార్చింది. "మాస్టారూ, ఒక కాయితం రాసిపెట్టాలి."

"ఏం కాయితం?"

"మావాడికింకా నాలుగేళ్ళ శిక్షుంది. ఈ కేసుకి మాఫీలుండవంట. జైలుకొచ్చే వకీలమ్మ చెప్పిందంట, ఢిల్లీ పెద్దకోర్టులో చట్టం మారింది, నువ్వూ అడుక్కోవచ్చు అని. అయితే ఇన్నేళ్ళెందుకు అడగలేదో రాసివ్వాలంట. వాడి రాత వాడు రాసిచ్చాడు. బయట కాయితాలన్నీ నా దగ్గరున్నయ్యి గాబట్టి నా మాట గూడా కావాలంట. సాజిదాకి రాయడమొచ్చు గానీ కోర్టు తెలుగు రాదు. మీ తెలుగు ఇంకెవరికొచ్చిద్ది?"

సాజిదా ఆమె కోడలు, పర్చూరులో బట్టలు కుడుతుంది. మాస్టారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. ఆ కేసులో తాను ఎవరో ఈమెకు తెలియకుండా ఉండదు. సోదా జరిగేటప్పుడు అధికారులు పక్కన నిలబెట్టుకునే సాక్షిని కాగితాల్లో మధ్యవర్తి అంటారు. బాజీ నడుపుతున్న లారీని పర్చూరు రోడ్డు మీద ఆపిన రోజు, ప్రభుత్వోద్యోగి కావాలని స్కూలు నుంచి పిలిపించుకున్న మధ్యవర్తి తానే. దర్శి నుంచి గుంటూరు వైపు మిల్లుకు వెళ్తున్న పత్తి లోడు, అడుగున ఆరు బస్తాల గంజాయి. బాజీ ఒప్పుకున్నాడు. తాను విన్నారు, రాశారు, కోర్టులో చెప్పారు. అందులో ఆయనకు సందేహం లేదు. ఉన్నదల్లా దిగులే. ముందు బల్ల మీద కూర్చున్నవాడు అలాంటి పని చేశాడన్న దిగులు.

"వకీలుగారిని ఒకసారి కలవాలి," అన్నారు. "ఏం రాయాలో తెలుసుకుని రాస్తాను."

"గురువారం ఒంగోల్లో ఉంటదంట. నాకు మూడో కోత కాయలొచ్చి పడ్డయ్యి, కదల్లేను. ఈ సంచీ మీరే తీసుకెళ్ళండి." ఆమె లేచి, ఏరిన తాలుకాయలను చేటలోకి ఎత్తి, చీరకు చేతులు తుడుచుకుంది. "మీరు రాస్తే ఇంక తిరుగుండదు మాస్టారూ."

*

ఒంగోలు కోర్టు వెనక సందులో వకీలు నాగజ్యోతి ఆఫీసు ఒకే గది. న్యాయసేవల సంస్థ తరఫున నెలకు రెండుసార్లు నెల్లూరు జైలుకు వెళ్ళి వస్తుంది. నలభై ఏళ్ళుంటాయి. బల్ల మీద ఫైళ్ళ మధ్య టిఫిన్ డబ్బా తెరిచి, పెరుగన్నం తింటూనే సంచీలోని కాగితాలు ఎడమచేత్తో తిరగేసింది.

"మీరు వాళ్ళ బంధువులా అండీ?"

"ఆ అబ్బాయికి చదువు చెప్పాను."

"చెప్పినట్టే ఉన్నారు. జైల్లో పాతికమంది ప్రశ్న అడక్కుండానే 'నేను నిర్దోషిని మేడమ్' అంటారు. ఇతనొక్కడే, 'ఏ కాయితంలో ఏముందో చూసి చెప్పండి మేడమ్, చూడకుండా నాకాశ పెట్టొద్దు' అన్నాడు." ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. "సంగతి చెబుతా, వినండి. ఇలాంటి కేసుల్లో అధికారులు ముద్దాయి చేత వాంగ్మూలం రాయించుకునేవాళ్ళు. దాన్నే ఒప్పుకోలుగా తీసుకుని శిక్షలు వేసేవాళ్ళు. రెండువేల ఇరవై అక్టోబరు ఆఖర్లో సుప్రీంకోర్టు, అది చెల్లదు పొమ్మంది. పోలీసు ముందు ఒప్పుకుంటే ఎట్లా చెల్లదో, ఇదీ అట్లాగే."

"మరి బాజీని వదలాలి కదా?"

"అదే తమాషా. బాజీ అప్పీలు హైకోర్టు కొట్టేసింది అదే ఏడు సెప్టెంబర్లో. నెలన్నర ముందు. ముగిసిపోయిన కేసుకి కొత్త తీర్పు దానంతటదొచ్చి అంటుకోదండీ. మనమెళ్ళి అడగాలి. అదృష్టం ఏంటంటే, వీళ్ళు సుప్రీంకోర్టుకి అసలు వెళ్ళనే లేదు. వెళ్ళి ఓడిపోయుంటే ఆ తలుపు మూసుకుపోయేది. ఇప్పుడు ఆలస్యాన్ని మన్నించమని, అప్పీలుకి అనుమతివ్వమని అడగొచ్చు. మూడున్నరేళ్ళ ఆలస్యం. ఎందుకైందో చెప్పాలి. హైకోర్టు కాగితం ఎప్పుడందింది, తీర్పు మారిందని ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు."

మాస్టారు చిన్న పుస్తకంలో రాసుకుంటున్నారు. "ఆలస్యం మన్నిస్తే చాలా?"

"చాలదు. వాంగ్మూలం తీసేశాక మిగిలిన సాక్ష్యం మీద శిక్ష నిలబడుతుందా అని చూస్తారు. లారీ నడిపేవాడి దగ్గర సరుకు దొరికితే అది వాడికి తెలిసే ఉంటుందని చట్టం ముందే అనుకుంటుంది. తెలియదని వాడే చూపించుకోవాలి. దానికి తోడు ఇక్కడొక మొండి సాక్షి ఉన్నాడు." ఆమె కింది కోర్టు తీర్పు తీసి, పెన్సిలు గీత ఉన్న చోట వేలు పెట్టి తెలుగులో చెప్పుకుపోయింది. "మధ్యవర్తి గౌరవనీయుడైన ఉపాధ్యాయుడు. ముద్దాయితో ఆయనకు ఏ విరోధమూ లేదు. బస్తాల్లో ఏముందో తనకు తెలుసునని ముద్దాయి తన ఎదుటే చెప్పాడని, రాసినది చదివి వినిపించానని, అర్థంలో మార్పులేమీ చేయలేదని ఆయన చెప్పిన సాక్ష్యాన్ని నమ్మకపోవడానికి కారణం లేదు. ఈయనెవరో గానీ మేకు దిగ్గొట్టినట్టు చెప్పాడండీ."

"నేనే," అన్నారు మాస్టారు.

నాగజ్యోతి వేలు కాగితం మీదే ఆగిపోయింది. కాసేపు ఆయన్నీ, ఆయన చేతిలోని చిన్న పుస్తకాన్నీ చూసింది. అడుగునున్న ఫైలు లాగి, అందులోంచి ఒక నకలు తీసింది. "మొన్న కోర్టునుంచి వాంగ్మూలం నకలు తెప్పించాను. హైకోర్టుకెళ్ళినది ఇంగ్లీషు అనువాదమొకటే. తెలుగుది ఎవరూ చూసినట్టు లేదు. ఈ చేతిరాత ఎవరిదండీ?"

చెంచయ్య మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు.

తన అక్షరాలే. గుండ్రంగా, తలకట్లన్నీ ఒకే ఎత్తులో, నల్లబల్ల మీద రాసినట్టుగా. మొదటి పేరా పేరు, తండ్రి పేరు, ఊరు. రెండో పేరా లారీ, లోడు. మూడో పేరాలో ఒక వాక్యం. ఆ వాక్యం మొదట్లో రెండు మాటలు అడ్డగీతతో కొట్టేసి ఉన్నాయి. గీత కూడా కొలబద్దతో గీసినంత తిన్నగా ఉంది. గీత చివర పొట్టి సంతకం, 'చె'.

*విప్పిన పిమ్మట* బస్తాలయందు ఏమి ఉన్నదో నాకు తెలియును.

మొదటి రెండు మాటల మీదనే ఆ గీత.

"అప్పుడు బాజీ అన్నదేంటండీ? ఉన్నదున్నట్టు?" నాగజ్యోతి గొంతు తగ్గించి అడిగింది.

ఆయన నోరు తెరిచారు. నోట్లోకి వచ్చింది కాగితం మీది వాక్యమే. ఎనిమిదేళ్ళుగా గుర్తున్నదీ అదే. జ్ఞాపకం ఛాయాచిత్రం కాదు, తలుచుకున్న ప్రతిసారీ మనం కొత్తగా గీసుకునే బొమ్మ అని పిల్లలకు చెప్పినవాడికి, ఆ బొమ్మ కింద ఏముండేదో దొరకలేదు.

"ఆలోచించుకుని రండి," అందామె. "ఒకటి మాత్రం ముందే చెప్పాలి. ప్రమాణం చేసి ఒకటి చెప్పి, ఇప్పుడు ఇంకోటి రాసిస్తే మిమ్మల్నే బోనెక్కించే హక్కు వాళ్ళకుంటుంది. నేను బలవంతం చెయ్యను. ఆవిడ కాగితం ఒక్కటిచ్చినా ఆలస్యం సంగతి నేను అడుగుతా. తర్వాతది ఎట్లా తేలుతుందో చెప్పలేను."

నకలుకు ఇంకో నకలు తీయించి ఇచ్చింది. మాస్టారు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. పర్చూరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారి పొడుగునా కల్లాల్లో ఎర్రగా పరిచిన కాయలు, మధ్య మధ్య పీకి పారేసిన పత్తికట్టె కుప్పలు. ఒకప్పుడు ఈ కాలంలో పదో తరగతి పిల్లల్ని కల్లాలకు తీసుకొచ్చి, ఎరుపు కాంతిని ఆకు ఎందుకు మింగుతుందో, కాయ ఎందుకు తిప్పికొడుతుందో చెప్పేవారు. పిల్లలు తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ వినేవాళ్ళు. ఎరుపును ఎర్రగా చూడకుండా దాని లోపలికి చూడమని చెప్పినందుకు ఆయనకు ఒకరకమైన గర్వముండేది.

*

మర్నాడు మధ్యాహ్నం దాకా మాస్టారు నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నారు. వ్యాకరణం తప్పలేదు. తెలియును అంటే తెలుసు అనీ అర్థం, తెలుస్తుంది అనీ అర్థం. పాత తెలుగులో రెంటికీ ఒకటే రూపం. రెండు మాటలను ఎందుకు కొట్టేశారో కూడా గుర్తొచ్చింది. బస్తాలు విప్పించి చూసిన సంగతి పై పేరాలోనే ఉంది. మళ్ళీ రాయడం పునరుక్తి. పిల్లల ప్రయోగ పుస్తకాల్లో చెప్పిందే చెబితే ఎర్ర సిరాతో గీత గీసేవారు. ఆ రోజూ అలాగే గీశారు. సోదాకొచ్చిన పెద్దాఫీసరుకు తెలుగు రాదు. ఆయన గుమాస్తా రాత ఎవరికీ అర్థం కాదు. "మాస్టారూ, మీ చేత్తో మంచి భాషలో పెట్టండి, కోర్టులో మాట రాకుండా ఉంటది" అని గుమాస్తా బతిమాలాడు. చెట్టు కింద లారీ బంపరు మీద అట్ట పెట్టుకుని రాశారు. వాడు చెబుతున్నాడు, తాను మంచి భాషలో పెడుతున్నారు. అంతవరకూ వచ్చి జ్ఞాపకం ఆగిపోతోంది. వాడి నోరు కదులుతోంది గానీ మాట వినబడటం లేదు.

"ఇప్పుడు నీకో వాక్యం చదువుతాను. అర్థం చెప్పు," అన్నారు, కందులు చెరుగుతున్న వెంకటేశ్వరమ్మతో. "బస్తాలయందు ఏమి ఉన్నదో నాకు తెలియును."

"తెలుసనేగా? ఇందులో అర్థం చెప్పేదేముంది?"

"తెలుస్తుంది అని కూడా అవ్వొచ్చు."

"ఎవరికవుతుంది? మీకవుతుంది." చేట గోడకు ఆనించి, ఆమె ఆయన ముఖంలోకి చూసింది. "బాజీ సంగతేగా? నిన్న బస్సు దిగిన దగ్గర్నుంచీ చూస్తున్నా. మీరేం తప్పు చేశారు? విన్నది రాశారు. ఈ వయసులో కోర్టులూ బోనులూ నెత్తికెత్తుకుంటానంటే నేనొప్పుకోను."

ఆయన మళ్ళీ నిఘంటువు మీదికి వంగారు. ఆమె విసురుగా లేచి, వసారాలో అడ్డంగా ఉన్న దుప్పటి అంచును కాలితో జరిపింది. డబ్బా దొర్లి గోడకు తగిలింది.

"ఇవి స్కూలుకిచ్చేస్తానన్నారు, ఇక్కడే పెట్టారు. ఏముందండీ ఇందులో, గలగలమంటోంది?"

"మూత తీస్తేనే గదా తెలిసిద్ది," అన్నారు మాస్టారు.

అని, కుర్చీలో కదలకుండా ఉండిపోయారు.

ఇంట్లో మాట, ఊళ్ళో మాట. నలభై ఏళ్ళ పంతులు ఉద్యోగం పైన కప్పినా అడుగున మిగిలి ఉన్న మాట. దాని వెనకే ఇంకో గొంతు, ఆ చెట్టు కింద, ఎండలో, పత్తి దూది అంటిన మీసాలతో ఒకడు. బస్తాల్లో ఏముందో తెలుసా అని గుమాస్తా అడిగినప్పుడు వాడు అధికారి వంక చూడలేదు, తన వంక చూశాడు. దాదాపు నవ్వుతూ చూశాడు. "ఇప్పి చూస్తేనే గదండీ, బస్తాల్లో ఏముందో నాకు తెలిసిద్ది."

వాడు మంచి భాషకు పనికొచ్చే జవాబేదీ చెప్పలేదు. ఎనిమిదో తరగతి మొదటి పాఠం అప్పజెప్పాడు.

"ఏమండీ? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది," అన్నారాయన. లేచి అట్టా, తెల్లకాగితాలూ, కలమూ తీసుకున్నారు. "జాన్‌బీ కల్లం ఎక్కడ?"

*

కల్లం ఊరి చివర, కాలవ గట్టుకు ఆనుకుని ఉంది. పది పన్నెండు మంది ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు చుట్టుకుని వరసగా కూర్చుని కాయలు ఏరుతున్నారు. మంచికాయ ఒక రాశి, తాలుకాయ ఒక రాశి. చేతులకు పూసుకున్న ఆముదం మెరుస్తోంది. మాస్టారు దగ్గరికి వెళ్ళేలోపే ఘాటుకు రెండుసార్లు తుమ్మారు.

"ఒసేయ్, మాస్టారొచ్చారు! హాజరు పలకండి!" వరస చివర్నుంచి కొండమ్మ అరిచింది. "మాస్టారూ, నేనెప్పుడూ బళ్ళోకి రాలేదు గానీ నా పేరు గూడా రాసుకోండి."

"నీ పేరు రాస్తే సిరా అయిపోయిద్దే," అంది పక్కామె. నవ్వులు కొంగుల్లోంచే వినబడ్డాయి.

జాన్‌బీ లేచి వచ్చి, పాకలో బోర్లించిన గంప మీద ఆయన్ని కూర్చోబెట్టింది. తాను ఎదురుగా నేలమీద కూర్చుని, కొంగు ముక్కు మీదనుంచి కిందికి లాగింది. మాస్టారు ఒళ్ళో అట్ట పెట్టుకున్నారు.

"హైకోర్టు కాయితం నీకెప్పుడందింది?"

"కరోనా రోజులు. బస్సుల్లేవు, ములాఖత్‌లు లేవు. ఇంగ్లీషులో వచ్చింది. కాయితం ఇప్పి చూసినా నాకు చదువు రాదు, చదివేవాళ్ళు లేక పెట్టెలో పెట్టా. వకీలుకి ఫోన్ చేస్తే ఆయన పోయాడన్నారు."

"చట్టం మారిందని ఎప్పుడు తెలిసింది?"

"రెండో కోత మొదలెట్టిన రోజు. పొద్దున్నే బాజీ ఫోన్ చేశాడు జైల్నుంచి. అప్పుడే నాకు తెలిసింది. అంతకుముందు తెలిస్తే ఊరుకుంటానా మాస్టారూ?"

ఆయన కలం కాగితం మీద పెట్టి ఆగారు. చెయ్యి అలవాటు కొద్దీ 'ద్వితీయ పర్యాయము పంట కోసిన దినమున' అని మొదలుపెట్టబోయింది. ఆపారు. రెండో కోత మొదలెట్టిన రోజు, అని రాశారు. తేదీ అడిగారు. ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టి, వరసలోని కొండమ్మను కేకేసి అడిగి, జనవరి ఇరవై రెండని తేల్చింది. అదీ రాశారు. అప్పుడే నాకు తెలిసింది, అని రాశారు. ఆ మాట మీద కలం మొన ఒక క్షణం ఎక్కువసేపు నిలిచింది. ఈ మాటలో ఒక్క అక్షరం నున్నగా చేస్తే మూడున్నరేళ్ళు తెలిసీ ఊరుకున్నట్టవుతుంది.

"జాన్‌బీ," అన్నారు తల ఎత్తకుండానే. "ఆ రోజు బాజీ చెప్పింది ఒకటి. నేను రాసింది ఒకటి."

కింద పడి ఉన్న ఒక కాయను తీసి ఆమె తొడిమ గిల్లింది.

"నీకు తెలుసా?"

"శిక్ష పడ్డాక మొదటి ములాఖత్‌లో చెప్పాడు," అంది. "అమ్మా, మాస్టారు నా మాట దిద్దారమ్మా, రెండు మాటలు కొట్టేశారు అన్నాడు. మరి నువ్వెందుకురా ఏలుముద్రేసే వాడిలాగా సంతకం పెట్టావు, నీకు చదువు రాదా అని తిట్టా. మాస్టారు గీత గీశారంటే అది నా తప్పే అయ్యుంటదనుకున్నానమ్మా అన్నాడు. బళ్ళో అంతే గదంట. ఎర్రగీత పడితే తప్పు మనదేనంట." తొడిమ తీసిన కాయను ఆమె అరచేతిలో పెట్టుకుని చూసింది. "అప్పీలప్పుడు మీ దగ్గరికొస్తానన్నా. వద్దన్నాడు. మాస్టారు కావాలని రాయలేదు, అడిగితే బాధపడతారు, ఆయన్ని కదిలించొద్దన్నాడు. ఇప్పుడు గూడా ఆ సంగతికి రాలేదు నేను. మీ తెలుగు కోసమే వచ్చా."

బయట ఎవరో రాశి మీద గంప బోర్లించారు. ఎర్రటి దుమ్ము పాకలోకి వచ్చింది. మాస్టారు తుమ్మారు, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఘాటుకు కల్లంలో అందరి కళ్ళూ అలాగే ఉంటాయి గనక జాన్‌బీ అటు చూడలేదు.

ఆమె కాగితం పూర్తయ్యాక ఆయన మొదటినుంచీ చదివి వినిపించారు. మెల్లగా, మాట మాటకూ ఆగుతూ చదివారు. ప్రతిదానికీ ఆమె తల ఊపింది. ఒకచోట నొచ్చుకుంది.

"మాస్టారూ, 'కాయితం ఇప్పి చూసినా నాకు చదువు రాదు' అని రాశారు. విప్పి అని గదా అనాలి? మా బాజీ ఇప్పి అంటే మీరు బల్ల మీద కొట్టి మరీ చెప్పేవాళ్ళంట. దిద్దండి. ఢిల్లీ కోర్టువాళ్ళు నవ్వరూ?"

"నవ్వనీ."

"మీ రాతలో తప్పుంటే మీకు మాట గాదా?"

"ఇది నా మాట కాదు జాన్‌బీ. నీది. నువ్వెట్లా అన్నావో అట్లాగే ఉండాలి."

ఆమె అర్థం కానట్టు చూసి, ఆముదపు వేలిని కొంగుతో రుద్దుకుని, సిరా అద్దుకుని, చూపిన చోట వేలిముద్ర వేసింది. ముద్ర అంచున ఎర్రటి కారం మరక కూడా పడింది. దాన్ని తుడవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇంక వెళ్ళనా? కొండమ్మ నా రాశిలోంచి కాయలు లాగేస్తది."

"వెళ్ళు. నేనింకొకటి రాసుకోవాలి."

జాన్‌బీ వరసలోకి వెళ్ళి కూర్చుంది. కొంగు మళ్ళీ ముక్కు మీదికి వచ్చింది. వేళ్ళు రాశిలోకి వెళ్ళాయి. చెంచయ్య మాస్టారు కొత్త కాగితం తీసి అట్ట మీద పెట్టారు. పైన పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ రాశారు. తర్వాత చాలాసేపు ఏమీ రాయలేదు. అరవై ఆరేళ్ళలో తన మాటగా కాగితం మీద ఎప్పుడూ పెట్టని తెలుగు అది. ఎక్కడ మొదలుపెట్టాలో చేతికి తెలియలేదు.

చివరికి, మంచి భాష ఏదీ వెతుక్కోకుండా, వెంకటేశ్వరమ్మతో మాట్లాడినట్టే రాశారు.

ఆ రెండు మాటలు కొట్టేసింది నేను. బాజీ అన్నది ఇది: ఇప్పి చూస్తేనే గదండీ, బస్తాల్లో ఏముందో నాకు తెలిసిద్ది.